గట్టు లోపల నడిచే నీటిని కనిపెట్టడం ఎలా

వరదొస్తే మనందరి చూపూ ఏటి వైపే ఉంటుంది. గోదావరికి ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది, ఈ లెక్కలు మన ఊళ్లలో స్కూలు పిల్లలు కూడా చెప్పేస్తారు. కానీ నీళ్లు గట్టు మీంచి పొర్లకుండానే గండి పడొచ్చు, ఎందుకంటే గట్టు లోపలా, గట్టు కిందా కూడా నీళ్లు నడుస్తుంటాయి. అందుకే ఏటికి వీపు పెట్టి, ఊరి వైపు వాలుని చూడటం నేర్చుకోవాలి. కొండచరియలు జారేదీ చాలావరకు ఇలాంటి కనిపించని నీటి వల్లే.

చిన్నప్పుడు పాదం మీద తడి ఇసుక మెత్తి పిచ్చుకగూళ్లు కట్టేవాళ్లం కదా, కాలు తీసినా గూడు నిలబడేది. ఇప్పుడు అలాంటి గూడు అడుగున, పైన చుక్క పడకుండా, మెల్లగా నీళ్లు పోసి చూడండి, కింద నుంచి కరిగినట్టు కూలిపోతుంది. కొంచెం తడి రేణువుల్ని పట్టి ఉంచుతుంది. సందులన్నీ నిండాక అదే నీరు రేణువుల్ని ఎడంగా నెడుతుంది, వాటి మధ్య ఒరిపిడి తగ్గుతుంది, మట్టి తన బరువుని తానే మోయలేకపోతుంది.

2022 జులై వరదలో మా బాబాయితో గట్టు కాపలాకి వెళ్లాను. అర్ధరాత్రి దాటాక గట్టు పాదం దగ్గర, కొబ్బరి చెట్ల మధ్య ఉన్న గుంటలో నీళ్లు అన్నం ఉడికినట్టు బుడబుడలాడుతున్నాయి, చుట్టూ సన్న ఇసుక చీమల పుట్టలా పేరుకుంటోంది. నేను గోనెసంచి తెచ్చి కన్నం మూసేయబోతే "ఆగరా, మూయకు" అని, ఖాళీ వాటర్ బాటిల్లో ఆ నీళ్లు పట్టి, టార్చి వెనక పెట్టి చూశాడు. అడుగున వేలెడు ఇసుక దిగింది. గట్టు కింద మట్టి కొట్టుకొస్తోందన్నమాట.

మీరూ అదే చెయ్యండి. తేటగా ఉన్న ఊట అయితే గుర్తు పెట్టుకుని గంటగంటకీ చూస్తే చాలు. బురదగానో ఇసుకతోనో వస్తే వెంటనే లస్కరుకీ (గట్లూ కాలవలూ చూసుకునే ఇరిగేషన్ మనిషి), వీఆర్వోకీ ఫోన్ చెయ్యాలి. వాళ్లొచ్చాక చేసే పని కూడా కన్నం మూయడం కాదు, దాని చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా గుండ్రంగా కట్టి, లోపల నీటిమట్టం పెరగనిస్తారు. ఆ నీటి బరువు కింది ఒత్తిడికి ఎదురు నిలబడి, ఊట నెమ్మదించి తేటబడేదాకా బస్తాలు పేర్చి, అక్కడ ఆపి, పైన చిన్న దారి వదిలేస్తారు. పూర్తిగా బిగిస్తే నీరు ఇంకోచోట పొడుచుకొస్తుంది. బుడగలొచ్చే చోట అడుగు వేయకండి, నేల దిగిపోతుంది. వరద లేనప్పుడే ఎలుక కలుగులు, పీతల బొరియలు, ఎండిపోయిన పెద్ద చెట్ల మొదళ్లు ఎక్కడున్నాయో చూసి చెప్పి పూడ్పించుకోండి, నీళ్లు వెతుక్కునే దారులు అవే.

ఏరు తీసిందని మాత్రం ఇంటికెళ్లి పడుకోకండి! బయట నీళ్లు తొందరగా తగ్గుతాయి, గట్టులో ఇంకినవి అంత తొందరగా దిగవు. ఇన్నాళ్లూ ఏటి వైపు నుంచి ఆనించి పట్టిన నీళ్లు లేకపోయేసరికి, లోపలి బరువుతో గట్టు ఏటిలోకి జారుతుంది. గట్టు మీద పొడుగ్గా నెర్రె కనిపిస్తే అటూ ఇటూ రెండు మేకులు కొట్టి, మధ్య దూరం పొద్దున్నా సాయంత్రం టేపుతో కొలవండి. వాన దిగకుండా టార్పాలిన్ కప్పండి. ట్రాక్టర్లు, లారీలు అటు రానివ్వొద్దు.

ఇక కొండ సంగతి. వాన నీరు పై మట్టిలోంచి దిగి, కింద గట్టి రాయి తగిలాక, దాని మీదుగా వాలు వెంట నడుస్తుంది. పోయేదాని కంటే వచ్చేది ఎక్కువైతే మట్టి కింది నుంచి నిండుతూ వస్తుంది. 2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల ఊళ్ల మీద కొండ విరుచుకుపడటానికి ముందు కూడా అక్కడ విడవకుండా కుండపోత వానలు పడ్డాయి. మారేడుమిల్లి ఘాట్‌లో వెళ్తున్నప్పుడు రోడ్డు పక్క గోడలకి, వెనకున్న నీరు బయటికి పోవడానికి వదిలిన గొట్టాలు చూడండి. జోరువానలో అవి పొడిగా ఉండి గోడ ఉబ్బినట్టుంటే, నీరు వెనక చిక్కుకుందని అనుమానించాలి, అక్కడ బండి ఆపి ఫొటోలు దిగకండి. కొత్తచోట ఊట పుట్టినా, చెట్లు కొత్తగా ఒరిగినా, రోడ్డు అంచున నెర్రె విచ్చినా ముందుకెళ్లొద్దు. అన్నిటికంటే భయపడాల్సింది, హోరున పారే వాగు వానలోనే ఉన్నట్టుండి సన్నబడటం. పైన ఎక్కడో మట్టి జారి అడ్డం పడి ఉండొచ్చు, అది తెగితే ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. సామాను కోసం వెనక్కి వెళ్లకుండా, వాగు వెంట కిందికి పరుగెత్తకుండా, వాగుకి దూరంగా పక్కకి, ఎత్తుకి వెళ్లిపోండి.