పూల్‌లో సరిపోయిన సీసం సముద్రంలో చాలదు

స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సు అయ్యాక, తర్వాతి మెట్టు అడ్వాన్స్‌డ్‌కి విశాఖ వెళ్లే మన గోదావరి జిల్లాల వాళ్లకి ఒక చికాకు ఉంటుంది. ఇక్కడి స్విమ్మింగ్ పూల్‌లో చక్కగా మునిగినవాళ్లు అక్కడ బెండులా తేలిపోతారు. డబ్బు కట్టిన డైవ్‌లో కొంత సమయం మునగడానికి ఒంటికి కట్టుకునే సీసం దిమ్మలు సర్దుకోవడానికే పోతుంది.

లెక్క ముందే వేసుకోండి. పూల్‌లో సముద్రానికి వేసుకునే సూటుతోనే దిగండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని పీల్చుకునే పరికరం) నోట్లో పెట్టుకుని, తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో గాలంతా తీసేసి, మామూలు ఊపిరి పట్టి, కాళ్లు అడుగుకి ఆనకుండా నిటారుగా, కదలకుండా ఉండండి. నీళ్లు కళ్ల మట్టానికి ఉండాలి. ఊపిరి వదలగానే మెల్లగా మునగాలి. సిలిండర్‌లో 50 బార్ (గాలి ఒత్తిడి కొలత) మిగిలినప్పుడు చూస్తేనే లెక్క కచ్చితం. నిండు అల్యూమినియం సిలిండర్‌తో చూస్తే 2 కిలోలు కలపండి, ఎందుకంటే డైవ్‌లో పీల్చేసే గాలి బరువు దాదాపు అంత ఉంటుంది.

ఉప్పునీరు మనిషిని ఎక్కువ తేలుస్తుంది కాబట్టి, దానికి మొత్తం బరువులో ఇంకో 2.5 శాతం సీసం కలపాలి. మనిషి, సామాను కలిపి 100 కిలోలైతే 2.5 కిలోలన్నమాట.

భయంకొద్దీ ఎక్కువ కట్టుకోవద్దు. ఓపెన్ వాటర్ హద్దు 18 మీటర్లు, అడ్వాన్స్‌డ్‌లో 30 దాకా దిగుతారు. అంత లోతులో సూటు నొక్కుకుపోయి తేలే గుణం తగ్గుతుంది. అదనపు సీసాన్ని మోయడానికి జాకెట్ ఊదుతూ గాలి ఖర్చు చేసుకుంటారు.

అంతర్వేది లాంటి నదీముఖాల దగ్గర ఈ లెక్క పనిచేయదు. వరద రోజుల్లో పైన మంచినీరు, కింద ఉప్పునీరు పొరలుగా ఉంటాయి. పైన సరిపోయిన బరువు కింద చాలదు. అయినా ఆ ఎర్రనీటిలో డైవ్ వద్దు.