కలాంక్ బీచ్‌లకు బయలుదేరే ముందు

ఫ్రాన్స్‌లో మార్సెయ్, కసీ ఊళ్ల మధ్య సున్నపురాయి కొండల్లోకి సముద్రం చొచ్చుకొచ్చిన సన్నటి పాయలే కలాంక్‌లు. ఎండాకాలంలో వెళ్తుంటే ఇవి చూసుకోండి.

• సుజిటోన్ అనే కలాంక్‌కి వేసవిలో ప్రకటించిన రోజుల్లో 400 మందినే రానిస్తారు. బుకింగ్ ఉచితమే, కానీ ముందే ఆన్‌లైన్‌లో చేసుకోవాలి. తీరా వెళ్లాక చూద్దాంలే అనుకుంటే వెనక్కి పంపేస్తారు.

• జూన్ నుంచి సెప్టెంబరు దాకా కార్చిచ్చు భయం ఎక్కువున్న రోజుల్లో దారులు మూసేస్తారు. ముందురోజు సాయంత్రమే కలాంక్ నేషనల్ పార్కు ప్రకటన చూడండి. కొండల్లో సిగరెట్ నిషేధం.

• మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు. దారిలో కుళాయిలు ఉండవు.

• హవాయి చెప్పులు వద్దేవద్దు. ఆన్‌వో అనే కలాంక్‌కి దిగే దారిలో రాళ్లు జనం కాళ్ల కింద అరిగి నున్నబడ్డాయి, కాస్త ఏమరినా జారతారు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడే టెన్షన్.

• ఎండ మండిపోతోంది కదా అని నీళ్లలోకి దూకేయకండి. మిస్ట్రల్ (ఇక్కడ ఉత్తరం వైపు నుంచి వీచే జోరుగాలి) పైనున్న వెచ్చటి నీటిని తీరం నుంచి దూరంగా నెట్టేస్తే, అడుగునున్న చన్నీళ్లు పైకొస్తాయి. జూలైలో కూడా ఒళ్లు కొంకర్లు పోతుంది. ముందు పాదాలు పెట్టి చూడండి.

• జెల్లీఫిష్ కుడితే సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లతో కాదు. రుద్దొద్దు.

• అత్యవసరానికి 112. కొండల మధ్య సిగ్నల్‌ని నమ్ముకోకుండా, ఎటు వెళ్తున్నారో ఎవరికైనా చెప్పి వెళ్లండి.