పాడే గొంతుకీ పాఠం చెప్పే గొంతుకీ రోజువారీ సాధన

పొద్దున లేచి, నాలుగు మాటలు మాట్లాడాక, ఏ సాధనా మొదలుపెట్టకముందే ఒక పరీక్ష చేసుకోండి. శ్రుతి పెట్టె పెట్టి, పక్కన పసిపాప నిద్రపోతోంది, లేవకూడదు అన్నంత మెల్లగా తారస్థాయి షడ్జం (పై స్థాయి ‘స’) అందుకోండి. అనుకున్న క్షణానే పలికితే గొంతు బాగున్నట్టు. ముందు ఉత్త గాలి వచ్చి ఆ తర్వాత స్వరం పలికినా, మధ్యలో తెగినా, మెల్లగా పలకనిది గట్టిగా పాడితే మాత్రం పలుకుతున్నా, స్వరతంతువుల (గొంతులో కదులుతూ శబ్దం పుట్టించే రెండు మడతల) అంచులు వాచాయేమోనని అనుమానించాలి. వాచిన అంచు సన్నటి గాలికి కదలదు, బలంగా తోస్తేనే కదులుతుంది. ఆ తోయడాన్నే సాధన అనుకుని చాలామంది గొంతు పాడుచేసుకుంటారు. ఫలితాన్నీ, ఆ రోజు పాడిన గంటలనీ తేదీ వేసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. తేడా కనిపించిన రోజు తారస్థాయి జోలికి పోకుండా సాధన సగానికి తగ్గించండి.

ఎందుకింత జాగ్రత్త అంటే, మామూలుగా మాట్లాడేటప్పుడే మగవాళ్ల స్వరతంతువులు సెకనుకు 100కు పైగా, ఆడవాళ్లవి 200 దాకా ఒకదానికొకటి తగులుతాయి. ఐదు శ్రుతిలో (శ్రుతి అంటే పాటకు ఆధారమైన ‘స’ ఎత్తు, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది) పాడే అమ్మాయి తారషడ్జం పట్టుకుంటే సెకనుకు 392 సార్లు. పది సెకన్లు నిలిపితే దాదాపు నాలుగు వేల తాకిళ్లు. అవి మెత్తగా తగులుతున్నాయా, గట్టిగా కొట్టుకుంటున్నాయా అన్నదాని మీదే గొంతు మన్నిక ఉంటుంది.

అందుకే శ్రుతి ఎంపిక మొదటి మెట్టు. మగవాళ్లకు ఎక్కువగా ఒకటి నుంచి రెండు, ఆడవాళ్లకు నాలుగున్నర నుంచి ఆరు మధ్య కుదురుతుంది. కింద మంద్ర పంచమం (కింది స్థాయి ‘ప’) గరగర లేకుండా వినిపించాలి, పైన తార మధ్యమం (పై స్థాయి ‘మ’) దగ్గర గడ్డం పైకి లేవకూడదు, మెడ నరాలు తేలకూడదు. రెండూ కుదిరిందే మీ శ్రుతి. గురువుగారిది ఒకటిన్నర కాబట్టి ఆడపిల్ల కూడా దాంట్లోనే పాడటం, అక్కగారి ఐదు శ్రుతికి తమ్ముడు సర్దుకోవడం వల్ల ఏళ్ల తరబడి గొంతు బిగుసుకుపోతుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ల మగపిల్లల గొంతు మారుతున్నప్పుడు పాట మాన్పించనక్కర్లేదు. శ్రుతి దించి, పలికే నాలుగైదు స్వరాల్లోనే పాడిస్తే చాలు.

గొంతు వేడెక్కడానికి కొబ్బరిబోండం దగ్గర ఇచ్చే స్ట్రా సరిపోతుంది. గ్లాసులో సగం నీళ్లు పోసి, స్ట్రా కొసను రెండు వేళ్ల మందం లోతులో ఉంచండి. పెదవులు చుట్టూ బిగించి, దానిలోంచి ‘ఊ’ అంటూ మధ్య షడ్జం పలికించండి. బుడగలు ఒకే జోరుగా రావాలి. తర్వాత షడ్జం నుంచి పంచమానికి జారుతూ వెళ్లి, జారుతూ దిగండి. ఐదు నిమిషాలు చాలు. స్ట్రా దగ్గర అడ్డుపడిన గాలి నోట్లో కొంత ఒత్తిడి పెంచుతుంది, దాంతో స్వరతంతువులు గట్టిగా కొట్టుకోకుండా తేలిగ్గా కదులుతాయి. అమెరికా శాస్త్రవేత్త ఇంగో టిట్జ ఈ పద్ధతిని బాగా ప్రచారం చేశారు. సరిగా చేస్తున్నారో లేదో తెలియాలంటే మధ్యలో ముక్కు మూసి చూడండి. శబ్దం మారిందంటే గాలి ముక్కులోంచి పోతోందన్నమాట. బుడగలు వస్తూ స్వరం రాకపోతే ఉత్తినే ఊదుతున్నారు. తోసి పలికించాల్సి వస్తే స్ట్రా మరీ లోతుగా ఉంది, పైకి తీయండి.

ఆ తర్వాతే సరళీ వరుసలు, మొదటి కాలంలో (నిదానంగా), మధ్యస్థాయిలో. మంద్ర సాధన మంచిదే, కానీ కింది స్వరాలు సహజంగానే చిన్నగా వినిపిస్తాయి. వాటిని పెద్దగా పలికించాలని గొంతు నొక్కితే సాధన ఫలితం పోతుంది. ఊపిరి తీసినప్పుడు భుజాలు లేవకూడదు, కింది పక్కటెముకల మీద పెట్టిన చేతులు పక్కలకు జరగాలి. ఒకే బిగిన రెండు గంటలు కూర్చునే కంటే ఇరవై నిమిషాలు పాడి పది నిమిషాలు మౌనంగా ఉండటం మేలు. కొత్త కీర్తన నోటికి రావాలంటే తాళం వేస్తూ మనసులో అనుకున్నా వస్తుంది.

పాఠం చెప్పేవాళ్ల కష్టం వేరు. క్లాసులో గోల పెరిగేకొద్దీ మన గొంతు మనకు తెలియకుండానే పైస్థాయికి ఎక్కుతుంది. కేక వేయకుండా బల్ల మీద తట్టండి, చప్పట్లు కొట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడొద్దు, రాసి, ఇటు తిరిగి చెప్పండి. బోర్డు తడిగుడ్డతో తుడవండి. పెద్ద క్లాసైతే తలకు పెట్టుకునే చిన్న మైకు కొనుక్కోండి, అది నోటి మూలకు రెండు వేళ్ల దూరంలో ఉండాలి. వాక్యం చివర ఊపిరి అయిపోయాక కూడా మాట లాగొద్దు. హరికథ, పద్యనాటకం వాళ్లకు పద్యం కంటే దాని వెంటనే వచ్చే అరుపుల వచనమే ఎక్కువ చేటు. స్టేజి మీద మన గొంతు మనకు వినపడకపోతే తప్పకుండా అరుస్తాం, కాబట్టి మానిటర్ (మన గొంతు మనకు వినిపించే స్పీకర్) పెట్టమని ముందే గట్టిగా అడగండి.

తాగిన నీళ్లు స్వరతంతువులను తాకవు, అన్నవాహికలోకి పోతాయి. ఒంట్లోకి ఇంకి అక్కడికి చేరాలి కాబట్టి మైకు ముందు గుటకలు వేసే కంటే రోజంతా తాగుతూ ఉండాలి. ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది. ఐదు నిమిషాలు, ఉత్త నీళ్లతోనే పట్టండి. బామ్ కలిపితే చల్లగా అనిపించి నొప్పి తెలియదు, గొంతు మండే అవకాశమూ ఉంది. బుగ్గన పెట్టుకున్న కరక్కాయ లాలాజలం ఊరించి హాయినిస్తుంది, వాపు తగ్గించదు. మాటిమాటికీ గొంతు సవరించుకునే బదులు ఒక గుటక మింగండి. గొంతు పోయిన రోజున గుసగుసలాడొద్దు, మాట్లాడకుండా ఉండండి.

రాత్రి కచేరీ అయ్యాక పులిహోర, ఆవకాయ తిని వెంటనే పడుకుంటే పులితేన్పు గొంతుదాకా వచ్చి, తెల్లారేసరికి బొంగురు చేస్తుంది. తిండికీ పడకకీ మూడు గంటల ఎడం ఉంచండి. మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల ఎత్తు పెట్టండి.

పాడుతూనో అరుస్తూనో ఉండగా హఠాత్తుగా గొంతు పోతే అక్కడే ఆపేయండి, స్వరతంతువులో రక్తనాళం చిట్లి ఉండొచ్చు. మౌనంగా ఉండి ఈఎన్‌టీ డాక్టరును కలవండి. అలా జరగకపోయినా, బొంగురు మూడు వారాలు దాటితే స్వరతంతువుల పరీక్ష చేయించుకోండి. స్ట్రోబోస్కోపీ (మినుకుమినుకుమనే వెలుగులో స్వరతంతువులను చూసే పరీక్ష) దొరికే చోటైతే ఇంకా మంచిది, అంచుల కదలిక అందులో కనిపిస్తుంది. రెండు స్వరతంతువుల మీదా ఎదురెదురుగా చిన్న కాయలు కనిపిస్తే కంగారు పడొద్దు, వాటికి మొదటి చికిత్స వాయిస్ థెరపీ, అంటే గొంతు వాడే తీరు మార్చే శిక్షణ. మాట తీరు మార్చుకోకుండా ఆపరేషన్ చేయించుకుంటే కాయలు మళ్లీ రావచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పొద్దుటి పరీక్ష రాసిన నోటుబుక్కు తీసుకెళ్లండి. తారషడ్జం ఏ తేదీ నుంచి మెల్లగా పలకడం మానేసిందో, ఆ వారంలో ఎన్ని గంటలు పాడారో అందులో ఉంటుంది.