ప్రెడికేట్లతో వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

సమస్య: రాసిన వాక్యం సత్యమో అసత్యమో తేలడం లేదు.
కారణం: “క > 3” అని రాసి వదిలేస్తే అది ప్రవచనం (సత్యమో అసత్యమో చెప్పగల వాక్యం) కాదు, ప్రెడికేట్ (క లాంటి చలరాశి ఉన్న అసంపూర్ణ వాక్యం) మాత్రమే. క ఏమిటో తెలియనంతవరకు దానికి సత్యవిలువ ఉండదు.
పరిష్కారం: క స్థానంలో 5 వేస్తే సత్యం, 2 వేస్తే అసత్యం. విలువ వేయకూడదనుకుంటే ముందు ‘ప్రతి’ (∀) లేదా ‘కనీసం ఒకటి’ (∃) అనే క్వాంటిఫైయర్ చేర్చండి.

సమస్య: ఒకే వాక్యం ఒకరికి సత్యం, మరొకరికి అసత్యం.
కారణం: క ఏ సమితిలోనిదో చెప్పలేదు. ∀క (క² ≥ క) పూర్ణసంఖ్యల్లో సత్యమే. వాస్తవ సంఖ్యల్లోకి వెళ్తే దాన్ని పడగొట్టడానికి ½ ఒక్కటి చాలు.
పరిష్కారం: సమితిని మొదటి పంక్తిలోనే రాయండి.

సమస్య: గుర్తులన్నీ సరిగానే ఉన్నట్టుంది, కానీ అబద్ధం సత్యమైపోతోంది.
నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే, పైకి ఏ లోపమూ కనబడదు. పూర్ణసంఖ్యల్లో “24కు, 28కు మధ్య ఒక ప్రధాన సంఖ్య ఉంది” అన్న మాట తీసుకోండి. 25, 26, 27లలో ఏదీ ప్రధానం కాదు కనుక అది అసత్యం. దాన్నే ∃క (24 < క < 28 → ప్ర(క)) అని రాస్తే? (ప్ర(క) అంటే ‘క ప్రధాన సంఖ్య’, → అంటే ‘అయితే’.) క = 1 అనుకోండి. బాణానికి ఎడమవైపు అసత్యమైతే తర్కంలో వాక్యం సత్యమే. ఇక్కడ ఎడమవైపు అసత్యం, కాబట్టి బాణం వాక్యం మొత్తం సత్యం! అడిగిన హద్దుల్లో లేని సంఖ్యే సాక్షిగా నిలబడింది.
కారణం: ∃ లోపల ∧ (‘మరియు’) ఉండాల్సిన చోట → వచ్చింది.
పరిష్కారం: ∃ తో ∧, ∀ తో →. రెండోది తారుమారైనా నష్టమే: “ప్రతి ప్రధాన సంఖ్యా 1 కంటే పెద్దది” అన్నదాన్ని ∀క (ప్ర(క) ∧ క > 1) అని రాస్తే, సంఖ్యలన్నీ ప్రధానాలే అన్నట్టవుతుంది.

సమస్య: క్వాంటిఫైయర్ల వరుస మారగానే అర్థం మారింది.
కారణం: ∀క ∃చ (చ > క) లో చ ను క చూశాక ఎంచుకోవచ్చు, పూర్ణసంఖ్యల్లో అది సత్యం. ∃చ ∀క (చ > క) లో ఒకే చ అందరినీ మించాలి, అది అసాధ్యం. ఇలా ఒకదానిలో ఒకటి ఇమిడే క్వాంటిఫైయర్లకు 1879లో జర్మన్ తర్కవేత్త గాట్‌లోబ్ ఫ్రెగె పకడ్బందీ రూపం ఇచ్చాడు.
పరిష్కారం: ఎడమ నుంచి చదువుతూ, చ విలువ క మీద ఆధారపడవచ్చా అని అడగండి.

సమస్య: వ్యతిరేకం తప్పుతోంది.
కారణం: “అన్నీ సరి సంఖ్యలే” కాదంటే “ఏదీ సరి కాదు” అని అర్థం కాదు.
పరిష్కారం: ¬ (‘కాదు’) ను లోపలికి జరిపి, ∀ ను ∃ గా మార్చండి: ∃క ¬స(క). ఇక్కడ స(క) అంటే ‘క సరి సంఖ్య’. సరి కానిది ఒక్కటి చూపితే చాలు.