చేను చూడాలంటే ముందు గెనిమ తిరగండి

మా అనంతపురం వైపు చెనక్కాయ (వేరుశనగ) చేనుకు ఏదైనా వస్తే ఒక ఆకు తెంపుకుని మందుల షాపుకు పోతాం. షాపాయన ఆకు చూసి డబ్బా ఇస్తాడు. ఆ ఆకు ఏ సాలుది, సాలు పక్కన ఏముంది, గాలి ఎటు నుంచి కొడుతోంది అని అడగడు. అవి మనమే అడుక్కోవాలి. నేను చేసే పద్ధతి చెప్తా. ఇది వర్షాధారపు ఎర్రనేలలకు, బోరు కింద వేసేవాళ్లు కొంత మార్చుకోవాలి.

ముందు తెల్లకాగితం మీద చేను గీయండి. కొలతలు అక్కర్లేదు. వాలు ఎటు, వాననీళ్లు ఎక్కడ నిలుస్తాయి, వేప, కానుగ చెట్లు ఎక్కడున్నాయి, పక్కన బీడు ఏ దిక్కున ఉంది, ఇవి చాలు. వానాకాలం మాకు పడమటి గాలి, అందుకే నేను ఆ వైపు గెనిమ (గట్టు) నుంచే తిరుగుతాను.

అక్కడ మొదట వెతకాల్సింది వయ్యారిభామ. 2000లో మా జిల్లాలో చెనక్కాయను ఊళ్లకు ఊళ్లు ఎండబెట్టిన కాండం కుళ్లు వైరస్‌కు ఇల్లు ఈ కలుపే. దాని ఒంటి మీద రోగం కనపడదు, పచ్చగా నవ్వుతూ ఉంటుంది. వైరస్ దాని పుప్పొడిలో ఉంటుంది. పూలలో తిరిగే తామర పురుగులు ఆ పొడిని ఒంటికి పూసుకుని గాలికి చేలోకి కొట్టుకొస్తాయి. లేత ఆకును గీకినప్పుడు ఆ గాటులోంచి వైరస్ లోపలికి పోతుంది. చెనక్కాయ పూలో పుప్పొడి రేకుల మధ్య మూసుకుని ఉంటుంది కాబట్టి మొక్క నుంచి మొక్కకు ఇలా పాకడం తక్కువ. అంటే చేను నడుమ రోగం, మూలం గట్టు మీద. పూత రాకముందే పీకేయండి, చేతులకు గుడ్డ చుట్టుకోండి, దురద పెడుతుంది. పక్క బీడు మన చేతిలో లేదు కాబట్టి విత్తేటప్పుడే చుట్టూ నాలుగు సాళ్లు జొన్నగానీ సజ్జగానీ వేస్తే వచ్చే పురుగు చాలావరకు అక్కడే ఆగుతుంది.

తర్వాత చేలోకి దిగండి. అక్కడక్కడా ఆముదం, అలసంద వేసుంటే వాటి దగ్గరే కాసేపు కూర్చోండి. లద్దె పురుగు తల్లి ఆముదపు ఆకు మీద గుంపుగా గుడ్లు పెడుతుంది. పిల్లలన్నీ ఒకచోటే గీకి ఆకును జల్లెడ చేస్తాయి. ఆ ఒక్క ఆకు తుంచి నలిపేస్తే వందల పురుగులు పోయినట్టే. అలసంద మీద పేనుబంక పడితే మాత్రం కంగారు పడొద్దు. దాన్ని తినడానికి అక్షింతల పురుగులు వస్తాయి. వాటి పిల్లలకు తల్లి పోలిక ఉండదు. నల్లగా, పొడుగ్గా, నారింజ మచ్చలతో ఉంటాయి. మా ఇంట్లోవాళ్లే వాటిని చూసి మందు కొట్టమంటారు. కొడితే ముందు చచ్చేవి అవే, పేను మళ్లీ పుడుతుంది.

నెల దాటాక ఒక మొక్కను మట్టితో సహా తవ్వి తీయండి. వేరు బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజని పట్టుకుంటోందని లెక్క, యూరియా బస్తా షాపులోనే ఉండనీయండి. బూడిదరంగుగానో పచ్చగానో ఉంటే అది పని చేయడం లేదు.

ఎర్ర గొంగళి పురుగు సంగతి వేరు, ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. దాని కోశాలు (రెక్కలు రాకముందు గూడులో నిద్రపోయే పురుగులు) గెనిమల్లో, చెట్ల కింద మట్టిలో పడుకుని ఉంటాయి. వేసవి దుక్కి చేస్తే బయటపడతాయి, కొంగలూ గోరింకలూ ఏరుకు తింటాయి. మిగిలినవి తొలివానలకు రెక్కలొచ్చి లేస్తాయి. ఆ రాత్రుళ్లు ఊరంతా చేలల్లో మంటలు వేయాలి. మీరొక్కరే వేస్తే పక్కచేను పురుగులు మీ చేలోకి పాకుతాయి.

ఇక కాగితం వెనక రెండు వరుసలు రాయండి. చేను నుంచి ఏం పోతోంది, చేనుకు ఏం తిరిగొస్తోంది. కాయ అమ్ముతాం, సరే. కట్టె (కాయ తీశాక మిగిలే ఎండు మొక్క) కూడా అమ్మేస్తే ఎద్దు మేత పోయింది, మేతతో పేడ, పేడతో దిబ్బ ఎరువు. కట్టె ఉంచుకోండి. పశువులు లేనివాళ్లు కోత అయ్యాక రాత్రుళ్లు చేలో గొర్రెల మంద కట్టించుకోవచ్చు, వాటి పెంటికలే ఎరువు. అందరూ ఒకేసారి అడుగుతారు కాబట్టి కాపరితో ముందే మాట్లాడి, రాత్రికి ఎంతో ఖాయం చేసుకోండి.