ఆఫీసు ఇంగ్లీష్, ఆరో భాగం: కోర్టు "కొట్టేసింది" అని ఇంగ్లీష్‌లో ఎలా రాస్తాం?

పోయిన భాగంలో ఇచ్చిన ఎక్సర్‌సైజ్ ముందు చూసేద్దాం. "పుట్ ఆఫ్" బదులు "పోస్ట్‌పోన్", "ఫైండ్ అవుట్" బదులు "అసర్టైన్", "గెట్ రిడ్ ఆఫ్" బదులు "రిమూవ్", "పుట్ అప్ విత్" బదులు "టాలరేట్". ఈ నాలుగూ రాసుంటే మీది కరెక్టే. అంటే ఇప్పటిదాకా మనం చేసింది ఒకటే పని, రెండు మూడు ముక్కల క్రియ (ఫ్రేజల్ వెర్బ్) కనిపిస్తే తీసేసి ఒక్క ముక్క క్రియ పెట్టడం.

ఈ భాగంలో దానికి రివర్స్‌లో వెళ్దాం, ఎందుకంటే ఆ రూల్ సగమే నిజం. "ఫార్మల్ లెటర్‌లో ఫ్రేజల్ వెర్బ్ రాయొద్దు, మార్కులు పోతాయి" అని కోచింగ్‌లో చెప్తారు కదా, నేనూ అదే నమ్మేదాన్ని. డ్రాఫ్టింగ్ నేర్చుకునే కొత్తలో ఒక నోట్‌లో "సెట్ ఎసైడ్" అని ఉంటే ఇదేదో ఇన్‌ఫార్మల్‌గా ఉందే అనుకుని "క్యాన్సిల్డ్" అని మార్చేశా, మా సార్ దాన్ని ఎర్ర పెన్‌తో కొట్టి మళ్ళీ పైన "సెట్ ఎసైడ్" రాసి "కోర్టు వాడిన మాట మనం మార్చకూడదమ్మా" అన్నారు. అప్పటినుంచి ఏ ఆర్డర్ చదివినా ఈ రెండు ముక్కల మాటలే వెతుక్కుంటూ ఉంటా, చూస్తే ప్రతి పేజీలోనూ ఉంటాయి.

ఇప్పుడు మన తెలుగు వార్తల్లోకి రండి. "పిటిషన్ కొట్టేసిన హైకోర్టు", "కింది కోర్టు తీర్పు కొట్టేసిన హైకోర్టు", "చట్టాన్ని కొట్టేసిన సుప్రీంకోర్టు", "కేసు కొట్టేశారు". తెలుగులో నాలుగిటికీ ఒకే కొట్టేయడం, మనకి సందర్భాన్ని బట్టి అర్థమైపోతుంది, ఇబ్బందేం లేదు. ఇంగ్లీష్‌లో మాత్రం నాలుగిటికీ నాలుగు వేరే మాటలు, ఒకదాని చోట ఇంకోటి పెడితే జరిగిన పనే మారిపోతుంది.

పిటిషన్ అయితే "డిస్మిస్". అడిగింది ఇవ్వం, వెళ్ళండి అని.

కింది కోర్టు గానీ అధికారి గానీ ఇచ్చిన ఆర్డర్‌ని పై కోర్టు చెల్లదంటే "సెట్ ఎసైడ్".

చట్టమో అందులో ఒక సెక్షనో రాజ్యాంగానికి విరుద్ధం అని తీసేస్తే "స్ట్రైక్ డౌన్". 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ని, 2024 ఫిబ్రవరి 15న ఎలక్టోరల్ బాండ్ల స్కీమ్‌ని తీసేసిన సంగతి ఇంగ్లీష్‌లో రాయాలంటే "స్ట్రక్ డౌన్" అనే రాస్తారు. ఇక్కడ "క్యాన్సిల్డ్" అంటే ప్రభుత్వమే స్కీమ్ ఆపేసుకుందేమో అనిపిస్తుంది.

పోలీసు కేసు, అంటే ఎఫ్ఐఆర్ అయితే ఎక్కువగా "క్వాష్". ఇది ఒక్క ముక్క మాటే గానీ వీటితో పాటు గుర్తుపెట్టుకోవాలి, హైకోర్టులో క్వాష్ పిటిషన్ అని రోజూ వింటూనే ఉంటాం (ఇదివరకు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 482 సెక్షన్ కింద వేసేవాళ్ళు, దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే చట్టంలో 2024 జూలై 1 నుంచి 528).

చూశారా, నాలుగిట్లో రెండు ఫ్రేజల్ వెర్బులే, అదీ దేశంలోని పెద్ద కోర్టులు రాసుకునే భాషలో. కాబట్టి రెండు ముక్కలుంటే ఇంటి మాట, ఒక్క ముక్కయితే ఆఫీసు మాట అని లెక్క వేయకండి. మన తెలుగు పేపర్లో కూడా "నిలిపివేత", "కొట్టివేత" అని రాస్తారు, అవీ రెండు క్రియలు అతికించినవే కదా, అయినా ఎవరికీ మోటుగా అనిపించవు. నేను పెట్టుకున్న పరీక్ష ఇది: ఒక్క ముక్క మాట పెట్టి చూడండి, అర్థం వెంట్రుకవాసి కూడా మారకపోతే మార్చేయండి, మారితే ముట్టుకోవద్దు.

ముట్టుకోకూడని వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది "రైట్ ఆఫ్". బ్యాంకులు ఇన్ని వేల కోట్లు రైట్ ఆఫ్ చేశాయి అని వార్త రాగానే మనవాళ్ళు "మాఫీ చేసేశారు" అనుకుంటారు. మాఫీకి ఇంగ్లీష్ మాట "వేవ్". 2014లో రెండు రాష్ట్రాల్లో ఇచ్చిన పంట రుణమాఫీ, 2024లో తెలంగాణలో 2 లక్షల దాకా ఇచ్చింది, ఇవి "వేవర్" కిందకి వస్తాయి, రైతు ఆ మేరకు ఇంక కట్టక్కర్లేదు. రైట్ ఆఫ్ అంటే బ్యాంకు తన లెక్కల పుస్తకంలో ఆ బాకీని ఆస్తిగా చూపించడం మానేయడం మాత్రమే, బాకీ బాకీగానే ఉంటుంది, నోటీసులు వస్తాయి, రికవరీ నడుస్తుంది. మా చుట్టాల్లో ఒకాయన తన లోన్ కాగితం మీద "రిటన్ ఆఫ్" అని చూసి తీరిపోయిందని సంతోషపడ్డాడు, కొన్నాళ్ళకి లాయర్ నోటీసు వచ్చింది. ఆ రోజు ఆయన మొహం నాకింకా గుర్తుంది. ఈ రెండు మాటల తేడా చెప్పేవాళ్ళు లేక మనుషులు నష్టపోకూడదనే ఈ పాఠాలు రాస్తున్నా, కాబట్టి ఈ ఒక్క పేరా అయినా ఇంట్లో పెద్దవాళ్ళకి చదివి వినిపించండి.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో "సెట్ ఆఫ్" కూడా ఇలాంటిదే. కథల్లో సెట్ ఆఫ్ అంటే ప్రయాణం మొదలుపెట్టడం, ట్యాక్స్‌లో అయితే ఒకచోట వచ్చిన నష్టాన్ని ఇంకోచోట వచ్చిన లాభంలో తగ్గించుకోవడం. మిగిలిన నష్టాన్ని వచ్చే ఏళ్ళకి తీసుకెళ్తే "క్యారీ ఫార్వర్డ్". కంపెనీ మూసి లెక్కలు తేలిస్తే "వైండింగ్ అప్", పని లేక కార్మికుల్ని తాత్కాలికంగా ఆపితే "లే ఆఫ్", ఇదైతే 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనే ఉండేది.

గవర్నమెంట్ ఆఫీసు ఫైళ్ళలో రోజూ తిరిగేవి ఇంకో మూడు. "పుట్ అప్" అంటే ఫైల్ పై అధికారి ముందు పెట్టడం, "పుట్ అప్ ఫర్ ఆర్డర్స్" అని సెక్షన్‌లో రాస్తారు. ఇది లోపలివాళ్ళ మాట, బయటినుంచి అప్లికేషన్ పెట్టే మనం మాత్రం "సబ్మిట్" అనే రాయాలి. "కాల్ ఫర్" అంటే రిపోర్టో సంజాయిషీయో అడగడం. "లే డౌన్" అంటే రూల్‌లో పెట్టడం, దీన్ని ఎక్కువగా "యాజ్ లెయిడ్ డౌన్ ఇన్ రూల్ ఫైవ్" అనే రూపంలో చూస్తాం.

ఇక మనవాళ్ళు లేని ముక్కలు తగిలించే అలవాటు. "డిస్కస్ అబౌట్" లేదు, ఉత్త "డిస్కస్". "కోప్ అప్ విత్" లేదు, "కోప్ విత్". "రివర్ట్ బ్యాక్"లో బ్యాక్ తీసేయండి, నిజానికి జవాబివ్వమని అడగడానికి "రిప్లై" ఉండగా రివర్ట్ కూడా అక్కర్లేదు, అమెరికాలోనో యూకేలోనో యూనివర్సిటీకి మెయిల్ రాసే పిల్లలు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి, అక్కడ రివర్ట్ అంటే పాత స్థితికి వెళ్ళడం అనే అర్థమే ముందు తడుతుంది. అలాగే "లుకింగ్ ఫార్వర్డ్ టు" తర్వాత "రిసీవ్" కాదు, "రిసీవింగ్".

స్పెల్లింగ్ సంగతి ఒక్కటి. క్రియ అయితే విడిగా రాయాలి, నామవాచకం అయితే కలపాలి. చార్జ్ తీసుకోవడం "టేక్ ఓవర్" రెండు మాటలు, కంపెనీని కొనేసిన సంఘటన "టేకోవర్" ఒకే మాట. "ఫాలో అప్" నామవాచకమైనప్పుడు మధ్యలో అడ్డగీత పెట్టండి.

ఈసారి ఎక్సర్‌సైజ్, వీటిని ఇంగ్లీష్‌లో రాయండి:

తహసీల్దార్ ఇచ్చిన ఆర్డర్‌ని హైకోర్టు కొట్టేసింది.
బ్యాంకు లోన్ రైట్ ఆఫ్ చేసింది గానీ మాఫీ చేయలేదు.
కలెక్టర్ గారు ఆర్డీఓని రిపోర్ట్ అడిగారు.
కమిటీ వేశారు, కానీ మీటింగ్ వాయిదా పడింది.

నాలుగోదానిలో ఒక క్రియ మార్చాలి, ఇంకోటి రెండు ముక్కలుగానే వదిలేయొచ్చు, ఏది ఏదో ఎందుకో పక్కన ఒక లైన్ రాసుకోండి, ఏడో భాగం అక్కడినుంచే మొదలుపెడదాం.