కోయాక్సియల్ హెలికాప్టర్‌ని నేల నుంచి లేపడం ఎలా?

మా తిరుపతి బైరాగిపట్టెడలో ఎవరింట్లో పిల్లలకు కొత్త రిమోట్ హెలికాప్టర్ కొన్నా, రెండో రోజుకల్లా అది నా దగ్గరికి వస్తుంది. రెక్క విరిగో, తోక వంగో ఉంటుంది. "డూప్లికేట్ అంటగట్టినారన్నా" అంటారు. విప్పి చూస్తే చాలాసార్లు బొమ్మలో ఏ లోపమూ ఉండదు, లేపిన తీరులోనే ఉంటుంది తప్పంతా.

ఏది కొనాలి?

ఒకే ఇరుసు మీద ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలుండి, అవి ఎదురెదురు దిశల్లో తిరిగేదే కొనండి. దాన్నే కోయాక్సియల్ అంటారు. ఒక్క జతే ఉంటే రెక్కలు ఒకవైపు తిరుగుతుంటే బాడీ రెండో వైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి తోక చివర నిలువుగా ఇంకో చిన్న రెక్క కావాలి. రెండు జతలుంటే ఆ గొడవ లేదు, ఒకదాని తిప్పుడు ఇంకొకదానితో చెల్లిపోతుంది. మన నౌకాదళం వాడే కామోవ్-31 కూడా ఈ పద్ధతిదే. మొదటిసారికి మూడు ఛానెళ్లది చాలు: ఎత్తు, మలుపు, ముందూ వెనకా.

డ్రోన్ కొనిస్తే పోలేదా అంటారు. వద్దు. ఇప్పటి డ్రోన్లలో చాలావాటికి ఎత్తు పట్టి ఉంచే సెన్సర్ ఉంటుంది, స్టిక్ వదిలేసినా గాల్లో అలాగే నిలబడుతుంది. దాంతో బొటనవేలికి పని తెలియదు. ఆ సెన్సర్‌తో వచ్చే బొమ్మ హెలికాప్టర్లూ ఉన్నాయి, అవి కూడా వద్దు. ఎత్తు వేలితోనే నేర్చుకోవాలి.

గది, బ్యాటరీ, రెక్కల స్క్రూ

కనీసం పన్నెండడుగుల హాలు కావాలి. ఫ్యాను, ఏసీ ఆపేయండి. చాప, కార్పెట్ తీసేయండి. కింద మెత్తగా ఉంటే దెబ్బ తగలదనుకుంటారు గానీ, కడ్డీ కాళ్లు వాటికి తట్టుకుని పక్కకు పడేది అక్కడే. టైల్స్ మీదైతే జారుతుంది, పడదు. సాయంత్రం మిద్దె మీదికి తీసుకుపోకండి, కొండవైపు నుంచి వచ్చే చిన్న గాలికే పక్కింట్లో పడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ అయితే ఎండలో సరిగా పనిచేయదు కూడా. తిరుమలకు మాత్రం అసలు పట్టుకుపోకండి, అక్కడ డ్రోన్లకు నిషేధం ఉంది, భద్రతా సిబ్బంది ఇది బొమ్మే కదా అని వదలరు.

బ్యాటరీ చార్జింగ్‌లో ఉన్నంతసేపూ దగ్గరే ఉండండి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ వాడకండి.

ఇక రెక్కల స్క్రూలు. వదులుగా ఉన్నాయని ప్రతి ఇంట్లోనూ నాన్నగారు స్క్రూడ్రైవర్ తీసి బిగిస్తారు. అవి వదులుగానే ఉండాలి! హెలికాప్టర్‌ని పక్కకు వంచి పట్టుకుంటే రెక్కలు వాటి బరువుకే కిందికి వాలాలి. వాలకపోతే బిగుసుకున్నట్టే, పావు చుట్టు వదులు చేయండి. బిగుసుకున్న రెక్కతో హెలికాప్టర్ గాల్లో వణుకుతుంది, గోడకు తగిలితే రెక్క మడుచుకోలేక విరుగుతుంది.

నేల విడవడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే.

థ్రాటిల్‌ని, అంటే ఎత్తు పెంచి తగ్గించే ఎడమ స్టిక్‌ని, పూర్తిగా కిందికి ఉంచి హెలికాప్టర్‌ని చదునైన చోట పెట్టి స్విచ్ వేయండి. లైటు నిలకడగా వెలిగేదాకా ముట్టుకోకండి, లోపల గైరో, అంటే బాడీ తిరుగుడును పసిగట్టే సెన్సర్, తన లెక్క సరిచూసుకునేది ఆ కొన్ని సెకన్లలోనే. తోక మీ వైపు, ముక్కు అవతలి వైపు ఉండాలి. ముక్కు మీ వైపు ఉంటే కుడి ఎడమలు తారుమారవుతాయి.

థ్రాటిల్‌ని మెల్లగా పెంచండి. రెక్కలు వేగం అందుకుని, కాళ్లు తేలికపడి టైల్ మీద కొంచెం జరగడం మొదలవుతుంది. అక్కడ ఆగి ముక్కును చూడండి. దానంతట అది ఎడమకు తిరుగుతుంటే, రిమోట్ మీద ఆ తిరుగుడును సరిదిద్దే ట్రిమ్ బటన్ కుడికి ఒక్కొక్క నొక్కు, కుడికి తిరుగుతుంటే ఎడమకు. ముక్కు నిలిచేదాకా పైకి లేపకండి.

ఇప్పుడు భయం మొదలవుతుంది. మా అక్క కొడుకు మొదటిరోజు జానెడు ఎత్తులో దాన్ని పట్టి ఉంచాలని చూశాడు. బొటనవేలి గోరు తెల్లబడేలా స్టిక్ నొక్కిపట్టాడు. హెలికాప్టర్ సోఫా వైపు, అక్కడ్నుంచి టీవీ స్టాండ్ వైపు జారిపోతోంది. "మామా, అదే పోతా ఉండాది!" అని అరిచాడు. వాడు చెప్పింది నిజమే, అది దానంతటదే పోతోంది. రెక్కలు కిందికి తోసిన గాలి నేలకు తగిలి పక్కలకు పరుచుకుంటుంది, కొంత తిరిగి పైకి లేస్తుంది. నేలకు జానెడు ఎత్తులోపల హెలికాప్టర్ తన గాలిలో తానే చిక్కుకుంటుంది. తక్కువ ఎత్తు అంటే భద్రం అనుకుంటాం, ఈ బొమ్మకు అన్నిటికంటే ప్రమాదమైన ఎత్తు అదే.

కాబట్టి ముక్కు నిలిచాక ఇక ఆగకండి. థ్రాటిల్‌ని తడబడకుండా కాస్త గట్టిగా పెంచి ఒకటి రెండు సెకన్లలో నడుమెత్తుకు తీసుకుపోండి. ఆ ఎత్తు అందగానే, అందాక కాదు, అందుతుండగానే, బియ్యపు గింజంత తగ్గించండి. రెక్కలు మీ వేలికి కొంచెం ఆలస్యంగా బదులిస్తాయి, పూర్తిగా పైకి పోయాక తగ్గిస్తే అప్పటికే సీలింగ్ ఫ్యాను తగిలి ఉంటుంది.

నడుమెత్తులో పది సెకన్లు నిలపండి. దిగుతుంటే గింజంత పెంచండి, లేస్తుంటే గింజంత తగ్గించండి. ముందుకూ మలుపులకూ పోవద్దు. నా దగ్గరికొచ్చే పిల్లలకు మొదటి మూడు చార్జింగ్‌లూ ఇదే పని, కుడి స్టిక్ ముట్టనివ్వను.

టెన్షన్ పడి థ్రాటిల్ ఒక్కసారిగా కిందికి లాగేయడం రెండో తప్పు. అలా చేస్తే రాయిలా పడుతుంది. దించేటప్పుడు కొద్దికొద్దిగా తగ్గిస్తూ రండి, జానెడు ఎత్తుకు వచ్చాక మాత్రం అక్కడ తచ్చాడకుండా దించేయండి.

ఒక్క సందర్భంలోనే పూర్తిగా లాగేయాలి: రెక్క గోడకో కర్టెన్‌కో తగిలినప్పుడు. రెక్కలు ఆగిపోయినా స్టిక్ పైనే ఉంటే మోటారు తిరగలేక వేడెక్కి కాలిపోతుంది. గోడకు తగలబోతోందనిపించగానే సున్నాకు లాగండి. పడితే రెక్క పోతుంది, అది మార్చుకోవచ్చు.

ఎగరేస్తుండగా అదే నడుమెత్తును నిలపడానికి స్టిక్ ఇంకా ఇంకా పైకి తోయాల్సి వస్తోందంటే బ్యాటరీ అయిపోవచ్చింది. ఇంకొక్క రౌండ్ అనకుండా దించేయండి, పది నిమిషాలు చల్లారాకే చార్జింగ్ పెట్టండి. మన మే నెల ఎండల్లో ఇరవై నిమిషాలు ఆగండి.